పూర్ వ్యాలీలో శనివారం సాయంత్రం

గురువారం, నాష్‌విల్

మేముండేది నాష్‌విల్ పక్కన ఫ్రాంక్లిన్‌లో. ఇక్కడ కూరగాయల షాపుకి వెళ్లినా, కారు సర్వీసింగ్‌కి ఇచ్చి కూర్చున్నా కంట్రీ పాటలే, అంటే అమెరికా పల్లె పాటల్లోంచి పుట్టిన సంగీతమే, వినిపిస్తాయి కాబట్టి వద్దన్నా చెవిలో పడుతుంటాయి, నాకైతే ఆ పాటలంటే చాలా ఇష్టం కూడా. తెనాలి నుంచి మా అత్తగారు వచ్చి ఉన్నారు. ఊళ్లో రామాలయంలో భజనలు పాడే మనిషి, పాటంటే ప్రాణం. అందుకని ఈసారి ఆవిడకి నయాగరాలూ న్యూయార్కులూ కాకుండా, ఈ పాటలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ కొండల్లోకే తీసుకెళ్దామని నేనే పట్టుబట్టాను. వర్జీనియా రాష్ట్రం చివర్లో క్లించ్ మౌంటెన్ అనే పొడవాటి కొండ, దాని పాదంలో పూర్ వ్యాలీ, అందులో మేసెస్ స్ప్రింగ్ అనే పల్లె. కంట్రీ సంగీతంలో తొలినాటి పేరున్న బృందం కార్టర్ ఫ్యామిలీ ఊరు అది. నేను తెలుసుకోవాలనుకున్నది మాత్రం ఆ కుటుంబంలో ప్రపంచానికి అంతగా తెలియని జానెట్ కార్టర్ గురించి.

దూరం వెళ్లే ముందు మా ఊళ్లోనే ఉన్న కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ ఒకసారి చూసి వెళ్దామని గురువారం మధ్యాహ్నం ముగ్గురం వెళ్లాం. బంగారు పూత కార్లూ మెరుపు కోట్లూ దాటుకుంటూ పోతే ఆ కార్టర్ ఫ్యామిలీలో గిటార్ వాయించిన మేబెల్ కార్టర్ గిటార్ ఉంది. 1928 నాటి గిబ్సన్ ఎల్-5, అప్పట్లో 275 డాలర్లు పెట్టి కొన్నారు, పల్లెటూరి మనిషికి ఆ రోజుల్లో అదెంత డబ్బో! బొటనవేలితో కింది స్థాయి తీగల మీద పాట వరస వాయిస్తూ, మిగతా వేళ్లతో పై తీగల మీద తాళం నడపడం ఆవిడ పద్ధతి. అంటే ఒక్క గిటారే పాటా పాడుతుంది, తాళమూ వేస్తుంది. ఆవిడ తర్వాత అమెరికాలో గిటార్ పట్టుకున్నవాళ్లు చాలామంది ముందు ఈ పద్ధతే నేర్చుకున్నారు. అత్తయ్య అద్దం దగ్గరే నిలబడి చాలాసేపు చూశారు. "ఆవిడకి పిల్లలున్నారా అమ్మాయ్?" అని అడిగారు. ముగ్గురాడపిల్లలు, హెలెన్, జూన్, అనీటా, తర్వాత వాళ్లూ తల్లితో కలిసి పాడారు అని చెప్పాను. 1950లో ఆ తల్లీకూతుళ్లు నాష్‌విల్ వచ్చి గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పేరున్న కంట్రీ సంగీత రేడియో కచేరీ వేదికెక్కారు. అంత పేరున్నా పాటల మీద రాబడి చాలని రోజుల్లో మేబెల్ ఇక్కడే రాత్రిళ్లు రోగుల దగ్గర నర్సు పని చేసిందని చెబితే, "చేస్తుంది మరి, ఇల్లు గడవాలి కదా" అన్నారు అత్తయ్య. ఆవిడ గొంతులో ఆశ్చర్యం ఏమీ లేదు.

శుక్రవారం, నాష్‌విల్ నుంచి బ్రిస్టల్

దాదాపు 300 మైళ్లు. తెల్లారకముందే బయల్దేరాం. క్రాస్‌విల్ దాటాక గడియారం ఒక గంట ముందుకు దూకుతుంది, ఆ గంట నష్టం లెక్కేసుకునే మావారు పెందలాడే లేపారు. పులిహోర, దద్దోజనం కట్టుకున్నాం. నాక్స్‌విల్ దాటిన తర్వాత కుడి పక్కన స్మోకీ కొండలు మొదలై, ఇక అక్కడి నుంచి దారంతా కొండలే.

బ్రిస్టల్ వింతైన ఊరు. నడి వీధి రెండు రాష్ట్రాలకు సరిహద్దు. స్టేట్ స్ట్రీట్ మధ్యలో ఇత్తడి బిళ్లలు పొదిగారు, ఇటు టెనెస్సీ, అటు వర్జీనియా. అత్తయ్య ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి ఫొటో దిగారు. మన దగ్గర కూడా ఇలాంటి సరిహద్దు ఊళ్లున్నాయి గాని నడి రోడ్డు మీద గీత గీసినట్టు ఇంత కచ్చితంగా నేనెక్కడా చూడలేదు.

ఈ వీధిలోనే టెనెస్సీ వైపున టోపీల కంపెనీ భవనం ఒకటి ఉండేది, ఇప్పుడు లేదు. 1927 జులై చివర్లో రాల్ఫ్ పీర్ అనే ఆయన విక్టర్ గ్రామఫోన్ కంపెనీ తరఫున అక్కడ పాత భవనంలో తాత్కాలికంగా ఒక స్టూడియో పెట్టాడు. అప్పటికి మైకుతో రికార్డు చేసే పద్ధతి వచ్చి రెండేళ్లే అయింది, సామాను మోసుకొచ్చి ఊళ్లలోనే రికార్డు చేసే వీలు దొరికింది. కొండల్లో ఎవరు పాడతారో వాళ్లని రమ్మన్నాడు. జులై 25 నుంచి ఆగస్టు 5 వరకు 19 బృందాలు పాడాయి, 76 పాటలు. తర్వాత కంట్రీ సంగీతంలో పెద్ద స్టారైన జిమ్మీ రోజర్స్ మొదటిసారి రికార్డుకి పాడిందీ అక్కడే. అమెరికా కాంగ్రెస్ 1998లో ఈ ఊరిని కంట్రీ సంగీతం పుట్టినచోటుగా గుర్తించడానికి కారణం ఆ రెండు వారాలే. 2014లో తెరిచిన మ్యూజియం వర్జీనియా వైపున ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆనాటి పాటలు వినొచ్చు, గీతలు పడ్డ రికార్డుల మీంచి వచ్చే ఆ గొంతులు వింటూ మేం మధ్యాహ్నమంతా అక్కడే గడిపాం.

ఆ బృందాల్లో కార్టర్లు ముగ్గురు. ఎ.పి. కార్టర్, ఆయన భార్య సారా, సారాకి వరసకు చెల్లెలు, ఎ.పి. తమ్ముడి భార్య కూడా అయిన మేబెల్. ఎ.పి. పండ్ల మొక్కలు అమ్ముకుంటూ కొండ అవతల కాపర్ క్రీక్ వెళ్లినప్పుడు సారా పాడుతుండగా విని పెళ్లాడాడు, 1915లో. ఇక బ్రిస్టల్ ప్రయాణం సంగతి వినండి. సారా చంటిబిడ్డ జో అప్పటికి కొన్ని నెలలవాడే, ఎత్తుకునే వచ్చింది. పెద్దకూతురు గ్లాడిస్‌కి ఎనిమిదేళ్లు, బిడ్డని చూసుకోవడానికి వెంట వచ్చింది. మేబెల్‌కి పద్దెనిమిదేళ్లు, ఎనిమిదో నెల గర్భం. కారు మేబెల్ భర్తది. తమ్ముణ్ణి ఒప్పించడానికి అతని మొక్కజొన్న చేలో కలుపు తీస్తానని ఎ.పి. మాటిచ్చాడట. వేసవి ఎండలో, మట్టిరోడ్ల మీద, దారిలో టైరు పేలి, అంత అవస్థపడి వచ్చి రెండు రోజుల్లో ఆరు పాటలు పాడారు. పాటకి యాభై డాలర్లు. మొక్కజొన్న చేను గురించి చదువుతుంటే అత్తయ్య నవ్వారు, మరుక్షణం అన్నారు, "కడుపుతో ఉన్న పిల్ల అంత దూరం ఎలా కూర్చుందో కారులో." ఆ తర్వాత మ్యూజియంలో ఉన్నంతసేపూ ఆవిడ మేబెల్ గురించే అడుగుతూ వచ్చారు.

అప్పుడు జానెట్‌కి నాలుగేళ్లు. పల్లెలోనే ఉండిపోయింది.

రాత్రి హోటల్లో దద్దోజనం తిన్నాం.

శనివారం, హిల్టన్స్, మేసెస్ స్ప్రింగ్

బ్రిస్టల్ నుంచి హిల్టన్స్‌కి పెద్ద దూరం లేదు. హైవే దిగగానే ఎ.పి. కార్టర్ హైవే అనే బోర్డు కనబడుతుంది, పేరు హైవేనే గాని ఎదురుగా ట్రాక్టరొస్తే మనం పక్కకి తీయాల్సిన సన్న రోడ్డు. ఎడమ చేతి వైపు క్లించ్ మౌంటెన్, గోడ కట్టినట్టు నిటారుగా, అడివితో. నేల బీదది కాబట్టి పూర్ వ్యాలీ అన్నారు, దగ్గర్లోనే రిచ్ వ్యాలీ కూడా ఉంది. మేక, ఆవు, పొగాకు కొట్టాలు, మధ్యమధ్యలో చిన్న చెక్క ఇళ్లు. కార్టర్ల ఇళ్లూ, చర్చీ, ఎ.పి. దుకాణం, అన్నీ ఈ రోడ్డు మీదే ఒకదానికొకటి దగ్గర్లో ఉన్నాయి, వాటిని 1985లో జాతీయ చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చారు. కొన్ని ఇళ్లు ప్రైవేటువి, రోడ్డు మీద నుంచే చూడాలి. మేం ఆగి చూసి దండం పెట్టుకుని ముందుకు పోయాం.

మౌంట్ వెర్నన్ మెథడిస్ట్ చర్చి శ్మశానంలో ఎ.పి., సారా ఇద్దరివీ సమాధులున్నాయి. రెండింటి మీదా రాయిలో పొదిగిన బంగారు రంగు గ్రామఫోన్ రికార్డు. ఇక్కడే నాకు వాళ్ల కథలోని కష్టం పూర్తిగా అర్థమైంది. ఎ.పి. పాటల కోసం కొండలన్నీ తిరిగేవాడు, నెలల తరబడి ఇంట్లో ఉండేవాడు కాదు, వెళ్లిన ప్రతి చోటా ఎవరింట్లోనో దాచుకున్న పాత పాటని తెచ్చి తన పద్ధతిలో కూర్చేవాడు. ఇల్లు, పొలం, పిల్లలు సారా మీదే. 1930ల మొదట్లో వాళ్లు విడిపోయారు, ఆవిడ కొండ దాటి తన వాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది, పిల్లలు తండ్రి దగ్గరే ఉన్నారు. విచిత్రం ఏంటంటే, విడిపోయాక కూడా వాళ్లు కలిసి పాడారు, రికార్డులు చేశారు, 1938లో టెక్సస్ సరిహద్దు రేడియో స్టేషన్లో పాడటానికి అంతా వెళ్లారు. ఆ స్టేషన్ ట్రాన్స్‌మిటర్ మెక్సికో గడ్డ మీద ఉండటం వల్ల అమెరికా మొత్తం వినిపించేంత పవరుండేది, వాళ్ల పాట ఊరూరా చేరింది అందువల్లే. జానెట్ కూడా చిన్న వయసులోనే అక్కడ పాడింది. 1939లో సారా మళ్లీ పెళ్లి చేసుకుంది, ఆయన ఎ.పి.కి తల్లి వైపు బంధువే. తర్వాత కాలిఫోర్నియా వెళ్లిపోయింది. 1943కల్లా బృందం ముగిసింది. సారా 1979లో పోయాక ఆవిడని తిరిగి ఈ పల్లెకే తెచ్చి ఇదే శ్మశానంలో సమాధి చేశారు. అత్తయ్యకి ఇదంతా చెప్పేసరికి ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ పిల్ల అమ్మనీ నాన్ననీ ఇద్దర్నీ ప్రేమించింది కదా, ఎంత నలిగిపోయిందో" అన్నారు. ఆ పిల్ల అంటే జానెట్.

మిగతా ప్రపంచానికి జానెట్ పేరు తెలియకపోవడానికి కారణం ఆవిడ ఎక్కడికీ వెళ్లకపోవడమే. పినతల్లి మేబెల్ నాష్‌విల్ చేరింది, పినతల్లి కూతురు జూన్ స్టారై పేరుమోసిన కంట్రీ గాయకుడు జానీ క్యాష్‌ని పెళ్లాడింది. జానెట్ మాత్రం ఈ లోయలోనే పెళ్లి చేసుకుని, పిల్లల్ని పెంచి, స్కూల్లో వంటమనిషిగా పనిచేసింది. పాట మానలేదు. 1950లలో తండ్రి, తల్లి, తమ్ముడు జో, తను కలిసి కొన్ని రికార్డులు కూడా చేశారు. అవి పెద్దగా అమ్ముడుపోలేదు. ఎ.పి. చివరి రోజుల్లో ఈ కొండ కిందే చిన్న పచారీ కొట్టు నడుపుకున్నాడు. 1960 నవంబర్లో పోయేముందు తన పాటని బతికించమని కూతుర్ని అడిగాడు, ఆవిడ మాటిచ్చింది.

మాటివ్వడం సులువే. ఆ పద్నాలుగేళ్లూ ఉద్యోగం, ఇల్లు, పిల్లలతోనే ఆవిడకి సరిపోయింది, అయినా మర్చిపోలేదు. 1974లో తండ్రి పచారీ కొట్టునే ఖాళీ చేసి శనివారం సాయంత్రాలు పాటకచేరీలు పెట్టింది. జనం పట్టక బయట నిలబడాల్సి వచ్చింది. దాంతో తమ్ముడు జో, చేతిపని తెలిసినవాడు, కొట్టు పక్కనే కొండవాలులో పెద్ద కొట్టం లాంటి హాలు కట్టాడు, 1976లో. అదే కార్టర్ ఫోల్డ్. ఎనిమిది వందల మందికి పైగా పడతారు. అప్పటి నుంచి ఇప్పటికీ శనివారాలు పాట సాగుతూనే ఉంది. 2005లో దేశం ఆవిడకి జానపద కళల్లో ఇచ్చే అత్యున్నత గౌరవం, నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ ఇచ్చింది. 2006 జనవరిలో పోయింది. ఇప్పుడు కూతురు నడుపుతోంది.

సాయంత్రం మేం తొందరగానే వెళ్లాం, కచేరీ ఏడున్నరకి. ముందు పచారీ కొట్టు మ్యూజియం చూశాం. ఆ చిన్న గదిలో ఫొటోలు, బట్టలు, పాత ఆటోహార్ప్. ఆటోహార్ప్ అంటే చూసినవాళ్లకి మన స్వరమండలం గుర్తొస్తుంది, తేడా ఏంటంటే దీని మీద మీటలుంటాయి, ఒక మీట నొక్కితే అక్కర్లేని తీగలన్నీ మూగబోయి కావలసిన స్వరాల గుత్తి మాత్రమే మోగుతుంది. సారా, జానెట్ ఇద్దరూ వాయించిన వాద్యం ఇదే. పక్కనే ఎ.పి. పుట్టిన దుంగల ఇల్లు, దాన్ని విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ఒక్క గది, చాలా చిన్నది. ఎనిమిదిమంది పిల్లలు అందులో ఎలా పెరిగారో అని అత్తయ్య గుమ్మం దగ్గరే నిలబడి ఆలోచిస్తూ, చివరికి తనే జవాబు చెప్పుకున్నారు, మా ఇంట్లో మాత్రం ఎంతమంది పెరగలేదూ అని.

ఆ చుట్టుపక్కల వంటింటి వాసన. ఫోల్డ్‌లో వంటగది ఉంది, పింటో బీన్స్ సూప్, కార్న్‌బ్రెడ్, కేకులు. బీన్స్‌లో పంది మాంసం వేస్తారేమోనని కౌంటర్ దగ్గర పెద్దావిడని అడిగాం, ఆవిడ ఏం అనుకోకుండా ఆ రోజు వేసిన విషయం చెప్పి, మాకోసం కార్న్‌బ్రెడ్, కోల్‌స్లా, ఆపిల్ కేకు విడిగా పెట్టించింది. మొక్కజొన్న రొట్టె వెన్నతో వేడివేడిగా, దద్దోజనం మీద విసుగొచ్చిన మావారు రెండు తిన్నారు. వడ్డించేవాళ్లు, టికెట్ ఇచ్చేవాళ్లు, స్టేజీ మీద పరిచయం చేసేవాళ్లు, అందరూ ఊరివాళ్లో, బంధువులో. ఇక్కడ మద్యం లేదు. కరెంటు వాద్యాలకీ అనుమతి లేదు. గిటార్, బాంజో, ఫిడేల్, మాండలిన్, బాస్ ఇవన్నీ చెక్క వాద్యాలే. జానీ క్యాష్‌కి మాత్రం ఈ నియమం సడలించారని చెబుతారు. జూన్ పోయాక 2003లో ఆయన ఇక్కడికొచ్చి పాడాడు, జులై 5 నాటిది ఆయన చివరి కచేరీ, సెప్టెంబర్లో ఆయనా పోయాడు. అంత పెద్ద స్టారు చివరిసారి పాడిన స్టేజీ ఇది. ఇక్కడ ఆ సంగతి ఎవరూ గొప్పగా చెప్పుకోరు, అడిగితే చెబుతారంతే.

కచేరీ మొదలయ్యాక మొదటి పాట అయీ అవకముందే ఓ ముసలాయన లేచి స్టేజీ ముందు సిమెంటు గచ్చు మీదికి వెళ్లాడు. బూట్ల అడుగున ఇనపరేకులు. పై ఒళ్లు కదలకుండా కాళ్లు మాత్రం తాళంలో టకటకలాడుతున్నాయి. చూస్తుండగానే ఇంకో ఇద్దరు, తర్వాత పదేళ్ల పిల్లాడు, అమ్మలు, అమ్మమ్మలు, గచ్చంతా నిండిపోయింది. ఆ బూట్ల చప్పుడే ఇక్కడ మద్దెల! ఈ అడుగుల్ని క్లాగింగ్ అంటారు, కొందరు ఫ్లాట్‌ఫుట్ అంటారు. నేర్పే బడి ఏమీ లేదు, శనివారాలు వచ్చి పక్కవాళ్ల కాళ్లు చూసి నేర్చుకోవడమే. అత్తయ్యని ఒకావిడ చెయ్యి పట్టుకుని లాగింది. అమ్మకి మోకాళ్ల నొప్పులున్నాయని మావారు చెప్పబోతుంటే అత్తయ్య అప్పటికే గచ్చు మీదున్నారు, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని, కాళ్లకి బదులు చేతులతో తాళం వేస్తూ. ఫిడేల్ వాయిస్తున్న కుర్రాడు ఆవిడ వైపు చూసి తలూపాడు. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

విరామంలో మా పక్కన కూర్చున్న దంపతులు కెంటకీ నుంచి వచ్చామని, పెళ్లయిన కొత్తలో జానెట్ పాడగా ఇక్కడే విన్నామని చెప్పారు. ఎలా పాడేదని నేను అడిగితే ఆయన ఆలోచించి, ఇంట్లో పాడుకున్నట్టు పాడేదన్నాడు. రెండో సగంలో పాత పాటలే ఎక్కువ పాడారు, చాలా వాటికి జనం తామే గొంతు కలిపారు. తల్లి గురించి, ఇల్లు గురించి, పోయినవాళ్లని మళ్లీ కలుస్తామనే నమ్మకం గురించి. ఈ పాటలు పట్నం కోసం తయారైనవి కావు. ఎ.పి. ఎవరెవరి ఇంటి చూరు కింద నుంచో ఏరుకొచ్చినవి, అందుకే ఇక్కడ కుర్చీల్లో ఉన్నవాళ్లు పాడుతుంటే అవి సొంతింటికి చేరినట్టుంటుంది. నాష్‌విల్ హోరులో నేను విన్న పాటలే ఇవి, కానీ ఇక్కడ విన్నాక వాటి అసలు ఎత్తు ఇంతేనని, ఇంత మెల్లగానే ఇవి పాడాలని నాకు బలంగా అనిపించింది.

ఆదివారం, కింగ్స్‌పోర్ట్ మీదుగా ఇంటికి

వచ్చేటప్పుడు కింగ్స్‌పోర్ట్ దారి పట్టాం. ఒక్క మనిషి గురించి చెప్పకుండా ఈ యాత్ర రాయలేను. లెస్లీ రిడిల్. నల్లజాతి గిటారిస్టు. కింగ్స్‌పోర్ట్ సిమెంటు ఫ్యాక్టరీ ప్రమాదంలో కాలు పోయింది. 1920ల చివర్లో ఎ.పి.కి ఈయన పరిచయమై పాటల వేటలో వెంట తిరిగాడు. ఎ.పి. పాట మాటలు కాగితం మీద రాసుకుంటే, రిడిల్ వరస గుండెలో పెట్టుకొచ్చేవాడు, ఒకసారి వింటే చాలట. టేపు రికార్డర్లు లేని కాలంలో ఆ పాటలు నిలిచింది ఆయన జ్ఞాపకం వల్లే. మేబెల్ కూడా గిటార్‌లో కొన్ని సంగతులు ఆయన దగ్గర నేర్చుకుంది. నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ వేరు వేరు ద్వారాలున్న రోజులవి, ఆయన కార్టర్ల ఇంట్లోనే దిగేవాడు. రికార్డుల మీద మాత్రం ఆయన పేరు లేదు. 1960లలో మైక్ సీగర్ అనే జానపద సంగీతకారుడు వెతికి పట్టుకునేదాకా సంగీతలోకం ఆయన్ని మర్చిపోయింది. కార్టర్ల త్యాగం గురించి ఎంత చెప్పినా, ఈయనకి రావలసిన పేరు రాలేదనేది అంతే నిజం, కంట్రీ సంగీతం తెల్లవాళ్లదేనని అనుకునే వాళ్లందరికీ ముందు చెప్పాల్సింది ఈ మనిషి కథే.

కారులో అత్తయ్య ఊరికే ఉండక ఫోన్‌లో తెనాలిలో తన భజన బృందం వాళ్లకి వీడియోలు పంపారు. "కొట్టు ఖాళీ చేసి పాటకిచ్చిందట, మనం రామాలయం పక్క గదిలో ఆ పాత సామాన్లు తీయించి శనివారాలు కూర్చుందాం, పిల్లల్ని కూడా రమ్మందాం" అని వాయిస్ మెసేజ్ పెట్టారు. అవతల నుంచి ఒకావిడ, తాళం నా దగ్గరుంది వదినా, నువ్వు రావడమే ఆలస్యం అని జవాబిచ్చింది. క్రాస్‌విల్ దగ్గర పోయిన గంట తిరిగొచ్చింది, చీకటి పడకముందే ఇంట్లో ఉన్నాం. ఆగస్టు మొదట్లో ఫోల్డ్‌లో బ్రిస్టల్ రికార్డింగుల గుర్తుగా ఏటా ఉత్సవం జరుగుతుంది, దానికి మా ఆడపడుచు కుటుంబాన్ని కూడా రమ్మని రాత్రే ఫోన్ చేశాం.